కింద బజారు, పైన బడి: పాత ఊరి నడుమ ఆర్కిటెక్చర్ కళాశాల కట్టాలంటే

ఆర్కిటెక్చర్ విద్యార్థులకు మొదట నేర్పేది కొలవడం. ఒక ఏడాది మూడో సంవత్సరం పిల్లల చేతికి టేపులిచ్చి, తిరుపతి పాత ఊళ్లో కూరగాయల అంగళ్లను కొలుచుకొని రమ్మని పంపాను. వాళ్లలో ఒకమ్మాయి ఆకుకూరలమ్మే అవ్వ ముందు టేపు పరిచి, "అవ్వా, మీ అంగడి ఎంత పొడవు?" అని అడిగింది. తోటకూర కట్టల మీద నీళ్లు చిలకరిస్తున్న అవ్వ చెయ్యి ఆపకుండానే, "ఏ వేళ లెక్క కావాలమ్మా?" అంది.

ఆ మాట విన్నాక ఆ అమ్మాయి అక్కడికి నాలుగుసార్లు వెళ్లింది. తెల్లవారుజామున నాలుగింటికి అవ్వ చోటు పన్నెండు అడుగులు. మూటలు ఇంకా విప్పలేదు, పక్కవాళ్ల మూటలూ అక్కడే దిగుతాయి. ఎనిమిదింటికి అది ఆరడుగుల గోనెపట్టా. మధ్యాహ్నం రెండింటికి గోడవారగా మడిచిపెట్టిన ఆ పట్టా తప్ప ఏమీ లేదు. సాయంత్రం ఐదింటికి అదే చోట మరొకామె కూర్చొని కనకాంబరాలు మూరల్లెక్కన కొలుస్తోంది. ఒక్క చోటుకు నాలుగు పటాలు గీసి తెచ్చింది ఆ అమ్మాయి.

చివరి ఏడాది ప్రాజెక్టుకు ఆమె ఎంచుకున్న అంశం, పాత బజారు స్థలంలో ఆర్కిటెక్చర్ కళాశాల. ఇది కాగితం మీది కసరత్తే, ఇలా కట్టమని ఎవరూ అడగలేదు. కానీ ఆ కసరత్తులో లేచిన ప్రశ్నలు ఊరి నడుమ పాత మార్కెట్టు ఉన్న ప్రతి పట్టణానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేవే. ఆ చిక్కుముడిలో ఒక పోగు లాగితే మరొకటి బిగుస్తుంది. అందుకే ఒక్కో పోగూ పట్టుకొని చూపించాలనిపించింది.

ముందు అసలు సందేహం. ఆర్కిటెక్చర్ కళాశాలను బజారులో ఎందుకు కట్టాలి? ఊరి బయట రేణిగుంట దారిలోనో చంద్రగిరి దారిలోనో నాలుగెకరాలు తీసుకుంటే హాయిగా చెట్లు, మైదానం, వాహనాలు నిలిపే చోటు అన్నీ వస్తాయి కదా. నిజమే. వైద్య విద్యార్థికి ఆసుపత్రి పక్కనే ఎందుకుండాలి అని మాత్రం మనం అడగము. రోగి లేకుండా వైద్యం నేర్వలేనట్టే, ఊరు కళ్లెదుట లేకుండా ఊరిని కట్టడం నేర్వలేరు. ముంబయిలో 1857లో మొదలైన జేజే కళాశాలకు, అంటే చిత్రకళ, శిల్పం నేర్పే బడికి, రోడ్డవతలే క్రాఫర్డ్ మార్కెట్టు ఉంది. 1869లో పూర్తయిన ఆ మార్కెట్టు ద్వారాల మీది శిల్పఫలకాలను రూపొందించిన లాక్‌వుడ్ కిప్లింగ్ ఆ కళాశాలలోనే ఉపాధ్యాయుడు. బడిలో నేర్పే చేయి రోడ్డు దాటి బజారు గోడ మీద పనిచేసింది. బడీ బజారూ ఎదురెదురుగా బతకగలవనడానికి మన దేశంలోనే నూట యాభై ఏళ్లు దాటిన సాక్ష్యం అది.

అయితే ఎదురెదురుగా ఉండడం వేరు, ఒకదాని మీద ఒకటి ఉండడం వేరు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

పాత బజారు అంటాం. ఆ పాతదనం ఎక్కడ ఉంది? తిరుపతి పాత ఊరు గోవిందరాజస్వామి గుడి చుట్టూ పెరిగిన ఊరు. 1130లో రామానుజాచార్యులు స్వామిని ఇక్కడ ప్రతిష్ఠించారని సంప్రదాయం చెబుతుంది. మట్ల అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గాలిగోపురం ఇప్పటికీ ఆ ప్రాంతానికి ఆనవాలు. గుడి చుట్టూ మాడవీధులు. వాటి వెడల్పును నిర్ణయించింది అంగడి కాదు, రథం. వైశాఖ బ్రహ్మోత్సవాల్లో రథం తిరగాలి కాబట్టి వీధి అంత వెడల్పు. మిగతా రోజుల్లో ఆ వెడల్పును పూలవాళ్లు, పసుపు కుంకుమల వాళ్లు, ఇత్తడి సామాన్ల వాళ్లు, కూరగాయల గంపలు పంచుకుంటాయి. దేవుడి కోసం వదిలిన ఖాళీలో ఊరు బతుకుతోంది.

అలాంటి చోట ఒక కూరగాయల బజారు ఉందనుకుందాం. పైన రేకుల షెడ్డు, లోపల సిమెంటు అరుగులు, నడుమ సందులు. రేకులు మొన్నటివి, అరుగులు నిన్నటివి. కట్టడంగా చూస్తే కాపాడుకోవలసింది పెద్దగా కనిపించదు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కట్టడం పాతది కాదు కాబట్టి చరిత్ర లేదనుకొని బుల్డోజరు తెప్పిస్తారు. పాతది ఆ సందు. సందులో నడక ఏ మలుపు తిరిగి ఏ వీధిలోకి వెళుతుందన్నది పాతది. ఏ వస్తువు పక్కన ఏ వస్తువు కూర్చుంటుందన్నది, ఎవరి తర్వాత ఎవరు ఆ చోటికొస్తారన్నది పాతది. రక్షిత కట్టడాల జాబితాలో చేరని వారసత్వం గురించి, దేశ వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ 2004లో ఒక చార్టర్ వెలువరించింది. రాతిగోడలతో పాటు నడుస్తున్న వాడుకను, చేతిపనిని కూడా వారసత్వంగా చూడాలని చెప్పే పత్రం అది. మన బజార్లకు అక్షరాలా వర్తిస్తుంది.

చెన్నై మన పక్క ఊరే కాబట్టి మూర్ మార్కెట్టు సంగతి చాలామందికి తెలుసు. 1985లో అది కాలిపోయింది. ఆ చోట సబర్బన్ రైళ్ల కోసం రైల్వే భవనం లేచింది. ఆ భవనాన్ని ఇప్పటికీ మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే పిలుస్తారు. పాత పుస్తకాలు బేరమాడిన జనం అక్కడ లేరు. పేరు మిగిలి పని పోతే ఎలా ఉంటుందో చూడాలంటే రైలెక్కి అక్కడ దిగితే చాలు.

ఇక చట్టం. వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చేసిన చట్టానికి జతపరచిన షెడ్యూలులో ఒక ముఖ్యమైన మాట ఉంది. యాభై ఏళ్లకు పైబడి వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్లను, అంటే వాటంతట అవే ఏర్పడిన బజార్లను, వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను తరలించకూడదని. వీధి వ్యాపారుల వ్యవహారాలు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, వారిలో మూడో వంతు స్త్రీలు కావాలని కూడా ఆ చట్టం చెబుతుంది. మున్సిపల్ షెడ్డులో అద్దెకున్న కొట్ల లెక్క వేరు, షెడ్డు బయట గోనెపట్టా మీద కూర్చున్నవాళ్ల లెక్క వేరు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే డిజైను మొదటి గీతలోనే కొందరు మాయమవుతారు. కొట్టున్నవాడి దగ్గర ఒప్పందపత్రం ఉంటుంది. గంప దించుకున్న అవ్వ దగ్గర ఆశీలు కట్టిన చీటీ ఉంటుంది, అది కూడా నిన్నటిది కొంగున నలిగిపోయి ఉంటుంది. భవనం పటంలో గది సంఖ్య వేసే ముందు ఆ చీటీ ఉన్నవాళ్ల పేర్లు రాసుకోవాలి. నేనైతే దీన్ని ఆర్కిటెక్టు పనిలో మొదటి పనిగా లెక్కిస్తాను. అది అధికారుల పని కదా అని పక్కకు తప్పుకున్న చోటల్లా నష్టపోయింది గంప దించుకునేవాళ్లే.

ఇప్పుడు డిజైనుకు వద్దాం. నా మట్టుకు నాకు ఇందులో ఒక్కటే పెద్ద నిర్ణయం ఉంది, మిగతావన్నీ దాని వెనక నడిచేవే. నేల బజారుదే. కళాశాల ఎంత గొప్పదైనా నేల మీద దానికి దక్కేది ఒక మెట్లదారి, ఒక లిఫ్టు, కాపలా మనిషి కూర్చునే చోటు. అంతే.

ఈ మాట వినగానే పిల్లలు ప్లాన్ గీయడానికి కూర్చుంటారు. నేను ఆపి సెక్షన్ గీయమంటాను. ప్లాన్ అంటే పైనుంచి చూసిన పటం, ఎవరు ఎక్కడున్నారో చెబుతుంది. సెక్షన్ అంటే భవనాన్ని నిలువునా కోసి చూపే పటం, ఎవరి మీద ఎవరున్నారో చెబుతుంది. ఇక్కడ తేలవలసిందే అది.

లెక్క చూడండి. ఐదేళ్ల కోర్సులో ఏడాదికి 40 మందిని తీసుకుంటే మొత్తం 200 మంది. స్టూడియోలో ఒక్కొక్కరికి గీత బల్ల, నమూనాలు పెట్టుకునే చోటు, నడవడానికి దారి కలిపి నాలుగు చదరపు మీటర్లు వేసుకుంటే ఒక తరగతికి 160 చదరపు మీటర్లు. కింద బజారులో ఒక అంగడికి రెండు మీటర్లు, ఇద్దరు మోత మనుషులు ఎదురెదురుగా తప్పుకోవడానికి రెండున్నర మీటర్ల సందు, మళ్లీ రెండు మీటర్ల అంగడి, మళ్లీ రెండున్నర మీటర్ల సందు. మొత్తం తొమ్మిది మీటర్లు. స్తంభాలను తొమ్మిదేసి మీటర్ల దూరంలో అంగళ్ల వరుసలోనే నిలిపితే సందులకు అడ్డం రావు. పైన అదే కొలతతో తొమ్మిది మీటర్ల వెడల్పు, పద్దెనిమిది మీటర్ల పొడవున స్టూడియో వేస్తే 162 చదరపు మీటర్లు. కింద అంగడి కొలతే పైన బడి కొలత అయింది. తొమ్మిది మీటర్ల దూలం లోతు 75 సెంటీమీటర్ల దాకా వస్తుంది, ఖర్చూ పెరుగుతుంది. స్తంభాలు దగ్గర చేస్తే ఖర్చు తగ్గుతుంది గాని అవి సందుల మధ్యకు వచ్చి నిలుస్తాయి. తల మీద బస్తాతో వచ్చే హమాలీ కళ్లు నేల మీదే ఉంటాయి, స్తంభం అతనికి కనబడదు. ఆ ఖర్చు పెట్టి తీరాలి.

హమాలీ మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం సేపు అతని దగ్గరే ఆగుదాం. యాభై కిలోల ఉల్లిపాయల బస్తా భుజానికెత్తుకున్న మనిషి మధ్యలో అలుపు తీర్చుకోవాలంటే దాన్ని నేల మీదికి దించలేడు. దించితే మళ్లీ ఎత్తడానికి ఇంకొకరు కావాలి. అందుకే మన పాత బాటల పక్కన రెండు నిలువు రాళ్ల మీద అడ్డంగా ఒక బండ పెట్టేవారు. వంగకుండా, భుజం మీంచి బరువును పక్కకు జరిపితే చాలు, బండ మీద కూర్చుంటుంది. ఊపిరి తీసుకొని, మళ్లీ భుజం ఆనించి లాక్కుంటే వచ్చేస్తుంది. కొత్త మార్కెట్టు భవనాల్లో ఏటీఎంకు చోటుంటుంది, ఈ బండకు ఉండదు. ప్రతి రెండో స్తంభానికి భుజం ఎత్తున ఒక రాతి పలక బిగిస్తే సరిపోతుంది. చిత్తూరు సీమలో రాతికి కొదవ లేదు. దీనికయ్యే ఖర్చు భవనం ఖర్చులో కంటికి కూడా ఆనదు. కానీ ఈ పలక గీసిన పటాన్ని చూస్తే ఆ విద్యార్థి బజారుకు నిజంగా వెళ్లాడా లేదా అన్నది నాకు తెలిసిపోతుంది.

బజారు కప్పు ఎత్తు ఆరు మీటర్లకు తగ్గకూడదు. వేడి గాలి పైకి లేచి బయటికి పోవాలి, మినీ లారీ లోపలికి వచ్చి సరుకు దించాలి. ఆ కప్పు మీద వెంటనే తరగతి గదులు వేయకుండా ఒక అంతస్తును గోడలు లేకుండా ఖాళీగా వదలమంటాను. ఈ ఖాళీ అంతస్తు దగ్గర ప్రతిసారీ వాదన జరుగుతుంది. ఊరి నడుమ ఇంత ఖరీదైన చోట ఒక అంతస్తంతా వదిలేస్తారా అని. వదలాలి. కిందినుంచి వచ్చే చప్పుడు, వాసన, వేడి అక్కడ చెదిరిపోతాయి. నీటి గొట్టాలు, కరెంటు తీగలు అక్కడ పక్కలకు మళ్లుతాయి. పగలు విద్యార్థుల పని పరిచిపెట్టి జ్యూరీ, అంటే ఆ పనిని పరీక్షించే సభ, జరిపేది అక్కడే. మధ్యాహ్నం బజారు సద్దుమణిగాక హమాలీలు నడుము వాల్చేదీ అక్కడే. గంగజాతర రోజుల్లో వీధిలో వేషాలు వెళుతుంటే ఊరి జనం నిలబడి చూసే మేడా అదే. అది ఊరికీ బడికీ నడుమ ఉన్న అరుగు. మన పాత ఇళ్లన్నిటికీ అరుగుండేది, అది వృథా అని అప్పట్లో ఎవరూ అనలేదు.

అహ్మదాబాదులో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి 1962లో స్థాపించిన ఆర్కిటెక్చర్ కళాశాల భవనంలో ఈ ఆలోచన ఇటుక, కాంక్రీటుల్లో కనిపిస్తుంది. భవనం కింద నీడపట్టున తెరిచి ఉంచిన చోట, వెడల్పాటి మెట్ల మీద పాఠాలూ వాదనలూ సాగుతాయి. ఫ్రాన్సులోని నాంత్ నగరంలో 2009లో పూర్తయిన కళాశాలలో లకటోన్, వస్సాల్ అనే ఆర్కిటెక్టులు 9, 16, 23 మీటర్ల ఎత్తుల్లో మూడు పెద్ద కాంక్రీటు తలాలు వేసి, వీధినుంచి పైకప్పు దాకా వాలుబాట కలిపారు. అడిగినదానికంటే చాలా ఎక్కువ వైశాల్యాన్ని, ఏ పనికీ ముందుగా కేటాయించకుండా వదిలారు. డబ్బు తక్కువై అలంకారాలు మానుకోవలసి వచ్చినా ఖాళీ చోటును మాత్రం మానుకోకూడదని వాళ్ల పని చూసి నేర్చుకున్నాను.

చప్పుడు విషయంలో చట్టమే ఒక వింత పరిస్థితి తెచ్చిపెడుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వ్యాపార ప్రాంతంలో పగటిపూట 65 డెసిబెల్స్ దాకా అనుమతి. నిశ్శబ్ద మండలంలో 50 మాత్రమే. విద్యాసంస్థల చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అంటే తమలపాకులమ్మే మనిషి తరతరాలుగా కేక వేస్తున్న చోటికి కళాశాల వచ్చి, ఆ కేకను నేరం చేయగలదు. 2017 సవరణ తర్వాత ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అది అమల్లోకి వస్తుంది కాబట్టి, ఇక్కడ అలాంటి ప్రకటన కోరబోమని కళాశాల ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తర్వాత వచ్చినవాడే సర్దుకోవాలి. గంభీరమైన పాఠాలు జరిగే గదులను గుడి వైపు, నిశ్శబ్దంగా ఉండే పెరటి వైపు పెట్టి, చప్పుడు చేసే వడ్రంగి వర్క్‌షాపును బజారు వైపు పెడితే సగం గొడవ తీరుతుంది. రంపం చప్పుడుకు బజారు ఏమీ అనుకోదు.

మరుగుదొడ్ల మాట చాలామంది వ్యాసాల్లో రాయరు, నేను రాస్తాను. కింద స్వామికి వెళ్లే పూలు కడుతున్నారు, ఇంటికి వెళ్లే కూరలు అమ్ముతున్నారు. వాటి నెత్తిన మురుగు గొట్టం పోనిస్తే ఏ అంగడివారూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. గొట్టం ఎంత మంచిదైనా ఏదో ఒక రోజు కారుతుంది. అందుకని నీళ్లుండే గదులన్నీ ఒకే చోట, ఒకదాని మీద ఒకటిగా, అంగళ్లు లేని పక్కన నిలువుగా రావాలి. ఆ నిలువు వరుస కింద, నేల అంతస్తులో, బజారువాళ్లకు మరుగుదొడ్లు కట్టాలి, ముఖ్యంగా ఆడవాళ్లకు. తెల్లవారుజామున మూడింటికి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చునే స్త్రీకి ఇప్పుడున్న ఏర్పాటు ఏమిటని మా విద్యార్థులు అడిగితే చాలామంది నవ్వి ఊరుకున్నారు. ఒకామె మాత్రం, "నీళ్లు తాగడం మానేస్తాం" అంది. ఈ ఒక్క జవాబు చాలు ఆ భవనం కట్టడానికి.

వెలుతురు సంగతి ఇష్టంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో పుస్తకం ఒకటి చెబితే మన ఊరు మరొకటి చెబుతుంది. గీత బల్ల మీద నీడలు పడకూడదు కాబట్టి స్టూడియోలకు ఉత్తరం వెలుతురు మంచిదని ఎక్కడైనా చెబుతారు. ఉత్తరం వైపు అద్దాలున్న రంపపు పళ్ల కప్పు వేస్తారు. చలిదేశాల్లో ఉత్తరం నుంచి ఎండ రాదు, ఆ సూత్రం అక్కడ పుట్టింది. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు, అక్కడినుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపునుంచే పడుతుంది. అంటే మండువేసవిలో, సరిగ్గా వద్దనుకున్నప్పుడే, ఉత్తరపు అద్దంలోంచి ఎండ దిగుతుంది. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన 80 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి నాలుగడుగుల అద్దానికి ఎనిమిది తొమ్మిది అంగుళాల చూరు చాలు. దక్షిణం వైపు అయితే డిసెంబరులో సూర్యుడు 53 డిగ్రీలకు దిగుతాడు, అక్కడ అదే నాలుగడుగుల కిటికీకి మూడడుగుల చూరు కావాలి. పొద్దుటి, సాయంత్రపు వాలుటెండకు చూరు పనికిరాదు, నిలువు పలకలు కావాలి. ఈ నాలుగు లెక్కలు వేయకుండా తెచ్చిపెట్టిన కప్పు కింద ఏసీలు నడిపి నడిపి కరెంటు బిల్లు కట్టుకోవలసిందే.

నీరు, నేల. 2021 నవంబరులో కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులై పారడం మనమంతా చూశాం. శేషాచలం మీద పడిన నీరు కిందికి రావాలంటే ఊరి మీదుగానే వస్తుంది. ఇలాంటి చోట సెల్లారు తవ్వి వాహనాలు పెడదామనే ఆలోచనను నేను మొదటి రోజే కొట్టేయిస్తాను. తవ్వితే ఇంకో సంగతి కూడా ఉంది. పాత ఊరి కింద ఉండేది పాటిమన్ను, తరతరాల కుండపెంకులు, బూడిద, ఇటుకముక్కలు కలిసిన వదులు నేల. ఎక్కడ పూడ్చిన బావి ఉందో తెలియదు. కాబట్టి ముందు గుంతలు తీసి చూడాలి, బరువును కిందనున్న గట్టి నేలకు దించే పైల్ పునాదులు వేయాలి. తవ్వకంలో పాత వస్తువు ఏదైనా దొరికి దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. పునాదులు ఎన్ని తక్కువ చోట్ల వేస్తే అంత మంచిదనడానికి ఇది మరో కారణం. తొమ్మిది మీటర్ల దూరం ఇక్కడా మనకు కలిసొస్తుంది.

నేల మీద నునుపు గ్రానైటు వేయకూడదు. తడి ఆకు మీద కాలు పడితే మనిషి జారిపోతాడు. గరుకుగా కొట్టిన బండలు, నూరడుగులకు ఒక అడుగు వాలు, పైమూత తీసి కడగగలిగే కాలువ ఉండాలి. గోడలకు సున్నం వాడదామంటే కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి నూరే పద్ధతి తెలిసిన మేస్త్రీలను వెతికి పట్టుకోవాలి. చిత్తూరు బెల్లం గోడల్లోకి కూడా వెళ్లేదని విని మా పిల్లలు ఆశ్చర్యపోయారు.

అన్నిటికంటే కష్టమైనది కట్టే కాలం. భవనం లేవడానికి రెండేళ్లు పడుతుందనుకోండి. ఆ రెండేళ్లు బజారు ఎక్కడ ఉంటుంది? ఊరి బయట షెడ్లు వేసి అక్కడికి పొమ్మంటే కొనేవాళ్లు వెళ్లరు. రోజూ కూర కొనుక్కునే మనిషి కాళ్లకు ఒక దారి అలవాటు. రెండేళ్లు ఆ దారి మారితే తిరిగి రాదు. బార్సిలోనాలో శాంత కాతెరీనా మార్కెట్టును ఎన్రిక్ మిరాయెస్, బెనెదెత్త తగ్లియాబూయె 2005కు పునర్నిర్మించినప్పుడు వ్యాపారులకు వేరే చోట తాత్కాలిక మార్కెట్టు కట్టారు. తవ్వకంలో పాత మఠం పునాదులు బయటపడ్డాయి. పాత గోడలను మూడు వైపుల నిలుపుకొని, రంగురంగుల పెంకుల కప్పు వేశారు. మెచ్చుకోదగ్గ పనే. అయినా తిరిగి తెరిచినప్పుడు అంగళ్ల సంఖ్య మునుపటికంటే తగ్గింది. ఎంత మంచి ఉద్దేశంతో కట్టినా ఎవరో కొందరు రాలిపోతారు. అందుకే మా లెక్కలో స్థలాన్ని రెండుగా చీల్చి, సగం కడుతుండగా రెండో సగంలో బజారు నడిచేలా చూశాం. ఖర్చు పెరుగుతుంది, కాలమూ పెరుగుతుంది. గుత్తేదారు గొణుగుతాడు. కానీ ఒక్క రోజు కూడా బజారు మూయలేదన్న మాట మిగులుతుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో, జాతర వారంలో పని పూర్తిగా ఆపాలన్నది కూడా ఒప్పందంలోనే రాయాలి.

నన్ను నిజంగా భయపెట్టేది మరొకటి ఉంది. భవనం బాగా కుదిరిందనే అనుకుందాం. రెండు వందల మంది చదువుకున్న పిల్లలు రోజూ అక్కడికి వస్తారు. నాలుగేళ్లలో ఎదుటి వరుసలో జిరాక్సు అంగళ్లు, కాఫీ కొట్లు, అద్దె గదులు వెలుస్తాయి. అద్దెలు పెరుగుతాయి. బజారును పొగిడిన బడే బజారును మెల్లగా వెళ్లగొడుతుంది. దీనికి డిజైనులో మందు లేదు, దస్తావేజులో ఉంది. నేల అంతస్తును కళాశాల పేరున కాకుండా మున్సిపల్ ఆస్తిగానే ఉంచి, కూరగాయలు, పూలు, ఆకులు తప్ప వేరే వ్యాపారానికి ఇవ్వరాదని రాసుకోవాలి. ఆ పని భూమిపూజకు ముందే జరగాలి, తర్వాత ఎవరూ చేయరు.

ఆ అమ్మాయి ప్రాజెక్టు చివరి జ్యూరీకి వారం ముందు, అట్టతో చేసిన నమూనాను ఆటోలో పెట్టుకొని బజారుకు తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఆకుకూరల అవ్వ చేతులు తుడుచుకొని వచ్చి, నమూనా పైకప్పు తీయమంది. తీశాక లోపలికి తొంగిచూసి, తన చోటు ఏదని అడిగింది. మూడో స్తంభం పక్కన బఠాణీ గింజంత రంగు ముక్కను అంటించి ఉంచాం, అది చూపించాం. అవ్వ తూర్పు ఎటని అడిగింది. చెప్పాం. చూపుడు వేలితో ఆ ముక్కను గిల్లి తీసి, స్తంభానికి ఇటువైపు పెట్టి నొక్కింది. "అక్కడైతే తొమ్మిదింటికల్లా ఎండ తగిలి ఆకు వాడిపోతుంది" అంది.

ఆ అమ్మాయి ఆ రాత్రే సెక్షన్‌లో తూర్పు వైపు చూరును రెండడుగులు కిందికి దించి గీసింది.